కంట్లో సూది: మందు ఏ దారిన వెళ్తుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ ఏ కంటి ఆసుపత్రి వరండాలో కూర్చున్నా షుగర్ పేషెంట్ల నోట తప్పకుండా వినపడే మాట, "చుక్కల మందుతో తగ్గదా డాక్టరుగారూ, కంట్లో సూదంటే భయమండీ" అని. అడగాల్సిన ప్రశ్నే అది. కంటి వెనక ఉన్న రెటీనా పొర దగ్గర నీరు చేరినప్పుడు, అక్కడ పిచ్చి రక్తనాళాలు మొలిచినప్పుడు, చుక్కలూ మాత్రలూ ఎందుకు పనికిరావో తెలిస్తే తప్ప సూది ఎందుకో అర్థం కాదు. పైగా కంట్లో ఇంజెక్షన్ అంటే అందరూ ఒకటే అనుకుంటారు గానీ వెనక పొరకి మందు చేర్చే దార్లు నాలుగైదు ఉన్నాయి, ఒక్కోదాంట్లో సూది ఆగే లోతు వేరు, ఇచ్చే మందు వేరు, వచ్చే ఇబ్బందులు వేరు. వీటిని పోల్చేటప్పుడు మామూలుగా సూది జబ్బు ఉన్న చోటుకి ఎంత దగ్గరగా వెళ్తోందా అని చూస్తారు. అంతకన్నా ముందు చూడాల్సింది, మందు అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుంది, దాన్నిబట్టి మనిషి ఎన్నిసార్లు ఆసుపత్రికి రావాల్సొస్తుంది అన్నది. తిరువూరు నుంచో మాచర్ల నుంచో రేపల్లె నుంచో బస్సెక్కి వచ్చేవాళ్ల చూపు నిలబడేదీ పోయేదీ ఎక్కువగా ఈ లెక్క దగ్గరే.

ముందు చుక్కల సంగతి. కంట్లో వేసిన చుక్కలో చాలాభాగం వేసిన నిమిషాల్లోనే కన్నీళ్లతో కలిసి ముక్కులోకి జారిపోతుంది (చుక్కలు వేసుకున్నాక గొంతులో చేదు తగిలేది అందుకే), మిగిలింది నల్లగుడ్డు మీదున్న గట్టి పొర దాటాలి, దాటినా లోపల నీరు ఎప్పుడూ వెనక నుంచి ముందుకే ప్రవహిస్తూ ఉంటుంది కాబట్టి దానికి ఎదురు వెళ్లాలి, మధ్యలో కటకం అడ్డం. ఇన్ని దాటుకుని కంటి లోపలికి చేరేది వేసిన మందులో 5 శాతం కూడా ఉండదు, అదీ ముందు భాగానికే, రెటీనా దాకా వెళ్లేది లెక్కలోకి రానంత. శుక్లం ఆపరేషన్ తర్వాత వాపుకీ, నీటి కాసులకీ చుక్కలు బ్రహ్మాండంగా పనిచేస్తాయంటే కారణం ఆ జబ్బులు ముందు భాగానివి కావడమే. ఇక రెటీనా జబ్బులకి ఎక్కువగా వాడే మందులేమో పెద్ద పెద్ద ప్రోటీన్లు, అవి నల్లగుడ్డుని అసలు దాటలేవు.

మాత్రగానో సెలైన్లోనో ఇస్తే రక్తంలో కలిసి రెటీనాకి చేరదా అంటే, రెటీనా రక్తనాళాలకి మెదడు రక్తనాళాల్లాగే గట్టి కాపలా ఉంది, రక్తంలో ఉన్నవాటిలో చాలావాటిని లోపలికి రానివ్వదు. ఆ కాపలా దాటించడానికి డోసు పెంచితే ఒంటికంతటికీ మందు ఎక్కుతుంది. కంటి లోపలి వాపు జబ్బు యువియైటిస్‌కి స్టిరాయిడ్ మాత్రలు ఇస్తారు, పనిచేస్తాయి కూడా, కానీ షుగర్ ఉన్న మనిషికి అవే మాత్రలు షుగర్‌ని ఎక్కడికో తీసుకెళ్తాయి. నరానికి ఇచ్చే మందుతో కంటికి వైద్యం చేసిన ఒక పద్ధతి ఉంది, 2000లో అమెరికాలో అనుమతి వచ్చిన వెర్టెపోర్ఫిన్, దాన్ని చేతి నరంలోకి ఎక్కించి కంట్లో జబ్బు చోట మాత్రమే లేజర్ కాంతి వేస్తే అక్కడే మందు మేల్కొంటుంది, అంటే అక్కడ కూడా చోటుని ఎంచుకున్నది మందు కాదు కాంతి. కొన్ని జబ్బులకి ఇప్పటికీ వాడుతున్నారు గానీ మామూలు అవసరానికి సూదే దారి అయ్యింది.

ఆ సూదిలో ఎక్కువమందికి వేసేది ఇంట్రావిట్రియల్, అంటే కనుగుడ్డు లోపల నిండి ఉండే చిక్కటి జిగురు పదార్థం, విట్రియస్ అంటారు, దాంట్లోకి నేరుగా మందు వదలడం. విట్రియస్ మొత్తం కలిపి దాదాపు 4 మిల్లీలీటర్లు, ఇచ్చే మందు మామూలుగా 0.05 మిల్లీలీటర్లు, ఒక చుక్కంత. కంటికి మత్తు చుక్కలు వేసి, బీటాడిన్‌తో కడిగి, రెప్పలు మూతపడకుండా క్లిప్ పెట్టి, నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డు మీద గుచ్చుతారు. ఆ కొలత ఊరికే పెట్టింది కాదు, అంతకన్నా ముందుకి వస్తే కటకానికి తగలొచ్చు, బాగా వెనక్కి వెళ్తే రెటీనాకి తగలొచ్చు, ఈ రెంటికీ మధ్య రెండూ లేని చిన్న పట్టీ ఒకటి దేవుడు పెట్టినట్టు ఉంది. శుక్లం తీసి లెన్స్ వేసిన కంటికి మూడున్నర, సొంత కటకం ఉన్నవాళ్లకి నాలుగు. సూది 30 గేజ్, చాలా సన్నం. గుచ్చేది కొన్ని సెకన్లు, మిగతా సమయమంతా శుభ్రం చేయడానికే, ఉండాల్సింది కూడా అలాగే.

ఈ దారి ఇంతగా పాకడానికి కారణం మందులు. వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ పిచ్చి రక్తనాళాలని పెంచుతుంది, ఉన్న నాళాలు కారేలా చేస్తుంది, దాన్ని అడ్డుకునే మందుల్లో మొదటిది మాక్యుజెన్, 2004 చివర్లో అనుమతి పొందింది. పెద్దపేగు క్యాన్సర్ కోసం అదే ఏడు వచ్చిన అవాస్టిన్‌ని 2005లో కంట్లో వాడి చూశారు, కంటికి కావాల్సింది 1.25 మిల్లీగ్రాములే కాబట్టి ఒక్క సీసాతో చాలామందికి సరిపోతుంది, ధర అమాంతం దిగింది. 2006లో కంటి కోసమే తయారుచేసిన లుసెంటిస్ వచ్చింది, 2011లో ఐలియా, 2022లో వాబిస్మో. లుసెంటిస్ ట్రయల్‌లో వయసుతో వచ్చే తడి రకం మాక్యులా (రెటీనా నడిమధ్య, సూటి చూపు ఇచ్చే చోటు) జబ్బుకి నెలనెలా ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లకి ఏడాదికి చార్టు మీద సగటున 7 అక్షరాలు ఎక్కువ కనపడ్డాయి, మందు లేకుండా ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవాళ్లకి 10 అక్షరాలు తగ్గాయి. అంతకుముందు ఈ జబ్బుకి చూపు పోవడాన్ని నెమ్మది చేయడమే గొప్ప, ఇప్పుడు పెంచగలిగారు. అవాస్టిన్ కూడా చూపు విషయంలో లుసెంటిస్‌కి సమానంగా పనిచేసిందని 2011లో అమెరికా ప్రభుత్వ డబ్బుతో జరిగిన క్యాట్ ట్రయల్ తేల్చింది. షుగర్ వల్ల మాక్యులాలో నీరు చేరినవాళ్లలో చూపు బాగా తగ్గిపోయి ఉంటే మాత్రం మొదటి ఏడాది ఐలియాకి కొంచెం మొగ్గు కనపడింది. మన దగ్గర 2015 నుంచి లుసెంటిస్‌లో ఉండే మందు రానిబిజుమాబ్‌కి దేశీ బయోసిమిలర్, అంటే దాదాపు అలాంటిదే ఐన మందు, రజుమాబ్ దొరుకుతోంది, మధ్యతరగతి వాళ్లకి నిజంగా ఊరట అది.

అవాస్టిన్ చవకకి ఒక వెల ఉంది. ఒక సీసాని చాలామందికి పంచడమంటే ప్రతి పంపకం దగ్గరా క్రిములు చేరే అవకాశం. 2016 మొదట్లో గుజరాత్‌లో కొంతమంది పేషెంట్లకి ఇంజెక్షన్ తర్వాత కంట్లో తీవ్రమైన వాపు వచ్చి పెద్ద గొడవైంది, కేంద్ర డ్రగ్ కంట్రోలర్ కంట్లో వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు, తర్వాత నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. మందు తప్పు వేరు, పంపకంలో జరిగే తప్పు వేరు, ఈ రెంటినీ కలిపేసి అవాస్టిన్ అంటే ప్రమాదం అనే మాట ఇప్పటికీ ఊళ్లలో తిరుగుతుంది. అడగాల్సింది ఏ మందు అని ఒక్కటే కాదు, ఒక్కో డోసుని ఎక్కడ ఎలా విడదీశారు అని కూడా.

కంటి లోపల ఇన్ఫెక్షన్, ఎండాఫ్తాల్మైటిస్, ఈ దారిలో అందరూ భయపడేది. ఉజ్జాయింపుగా రెండు మూడు వేల ఇంజెక్షన్లకి ఒకటి. వినడానికి తక్కువే, కానీ ఈ లెక్క ఒక్కో ఇంజెక్షన్‌కి, ఒక్కో మనిషికి కాదు, రెండేళ్లలో పదిహేను వేయించుకున్నవాళ్లకి పదిహేనుసార్లు ఆ పాచిక పడుతుంది. ఇన్ఫెక్షన్ ఎక్కువగా రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య బయటపడుతుంది, నొప్పి పెరగడం, ఎర్రబడటం, చూపు మసకవడం. ఇంజెక్షన్ వేసిన రోజు కాస్త గరగర, తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ, కళ్ల ముందు ఈగలు ఎగిరినట్టు కనపడటం మామూలే, తగ్గిపోతాయి. తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంటే మాత్రం ఆదివారమైనా అర్ధరాత్రైనా ఆగకూడదు, ఊళ్లో మెడికల్ షాపులో చుక్కలు కొని రెండ్రోజులు చూద్దాం అనుకున్న ఆ రెండ్రోజుల్లోనే కన్ను పోతుంది. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు, పత్తి ఏరేవాళ్లు ఆ వారం దుమ్ముకి దూరంగా ఉండాలి, కంటిని నలపకూడదు. సూది వేసేటప్పుడు డాక్టరూ పేషెంటూ మాట్లాడుకోకూడదని చెప్పేది కూడా ఇందుకే, నోట్లోంచి వచ్చే క్రిములు కంటికి చాలా చెడ్డవి.

ఇక ఈ వ్యాసానికి ప్రాణం లాంటి విషయం, నిలిచే కాలం. విట్రియస్‌లో పడిన మందు అక్కడే ఉండిపోదు, కొంత ముందు వైపు నీటితో బయటికి పోతుంది, కొంత వెనక రెటీనా దాటి దాని వెనకున్న రక్తపు పొర కోరాయిడ్‌లో కలిసిపోతుంది. అణువు ఎంత పెద్దదైతే అంత నిదానంగా పోతుంది. అవాస్టిన్ లాంటి పెద్ద యాంటీబాడీ మనిషి కంట్లో సగానికి తగ్గడానికి సుమారు పది రోజులు, అంతకన్నా చిన్నదైన లుసెంటిస్‌కి వారం పైన. డెక్సామెథసోన్ లాంటి చిన్న అణువు ద్రావణంగా ఇస్తే గంటల్లోనే మాయం. అందుకే పెద్ద ప్రోటీన్లయినా మొదట్లో నెలకొకటి, నీరు తగ్గాక గడువు కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్లడం. విట్రియస్‌ని ఆపరేషన్‌లో ఇదివరకే తీసేసిన కళ్లలో మందు ఇంకా తొందరగా వెళ్లిపోవచ్చు, షుగర్ ముదిరి రక్తం కారి ఆపరేషన్ అయినవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు, వాళ్లకి ఈ తేడా చిన్నది కాదు.

నెలకొకటి అన్నది కాగితం మీద రాసినంత తేలిక కాదు. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి ఉంది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది, గుంటూరు పెద్దాసుపత్రి ఉంది, రెండు ఊళ్లలో ప్రైవేటు రెటీనా డాక్టర్లూ బాగానే ఉన్నారు, కాబట్టి వైద్యం దొరకదనే మాట ఈ ప్రాంతానికి సరిపోదు. దొరికేది చేరుకోవడమే కష్టం. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తే సాయంత్రం దాకా మసక, తోడు మనిషి కావాలి, ఇద్దరి కూలీ పోతుంది, ఓసీటీ స్కాన్ (రెటీనా పొరల్లో నీరు ఎంతుందో చూపేది), మందు ఖర్చు, రెండు బస్సులు. మిర్చి కోతలొస్తే ఆ నెల ఎగ్గొడతారు. ఇంకో చిక్కు, రెండు ఇంజెక్షన్లకి చూపు మెరుగైతే "తగ్గిపోయిందిగా" అని ఆపేస్తారు, మెరుగు కాకపోతే "పనిచేయలా" అని ఆపేస్తారు, రెండు వైపులా ఆగడమే. ట్రయల్స్‌లో వచ్చిన ఫలితాలు బయట ప్రపంచంలో రాకపోవడానికి మందుల కన్నా ఈ ఎగ్గొట్టిన నెలలే ఎక్కువ కారణం, అమెరికాలోనూ ఇదే కథ. దారులు పోల్చేవాళ్లు దీన్ని చివర్లో ఒక వాక్యంగా కాకుండా మొదట్లోనే లెక్కలోకి తీసుకోవాలి.

అందుకే దారి అదే ఉంచి నిలిచే కాలం పెంచిన పద్ధతులు వచ్చాయి. ఓజుర్డెక్స్ అనేది 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ నింపిన చిన్న కడ్డీ, 22 గేజ్ సూదితో విట్రియస్‌లోకే వదులుతారు, అది మెల్లగా కరుగుతూ మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది, పైన చెప్పినట్టు గంటల్లో పోవాల్సిన మందే ఇది. ఫ్లూసినోలోన్ కడ్డీ ఐతే మూడేళ్ల దాకా. కానీ స్టిరాయిడ్ కదా, కంటి ప్రెషర్ పెంచుతుంది, శుక్లం తెప్పిస్తుంది, నీటి కాసులు ఉన్నవాళ్లకి ఇస్తే ఒక జబ్బు తగ్గించి ఇంకోటి తెచ్చినట్టే. ఇదివరకే శుక్లం తీయించుకున్న, ప్రెషర్ మామూలుగా ఉన్న, నెలనెలా రాలేని షుగర్ పేషెంటుకి మాత్రం ఇది చాలా మంచి ఎంపిక, ఈమధ్యే గుండెపోటో పక్షవాతమో వచ్చి వీఈజీఎఫ్‌ని అడ్డుకునే మందు ఇవ్వడానికి డాక్టరు వెనకాడేవాళ్లకి కూడా. ఇంకో వైపు సస్విమో అని, ఆపరేషన్ చేసి తెల్లగుడ్డు గోడలో ఒక చిన్న రిజర్వాయర్ పెట్టి ఆరు నెలలకోసారి రానిబిజుమాబ్ నింపే పద్ధతి, 2021 అక్టోబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఏడాది తిరక్కుండానే మూత భాగం ఊడుతోందని కంపెనీ వెనక్కి పిలిచింది, సరిచేసి 2024లో మళ్లీ తెచ్చారు. నెలనెలా ఇంజెక్షన్లతో పోలిస్తే ఇన్ఫెక్షన్ మూడు రెట్ల దాకా ఉందని మందు వివరాల కాగితంలోనే గడి కట్టి హెచ్చరిక. రాకపోకలు తగ్గించే ఉపాయం ప్రమాదాన్ని వేరే చోటికి మార్చగలదు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కనుగుడ్డులోకి గుచ్చకుండా బయట నుంచే పని జరగదా అన్న ఆలోచనే సబ్‌టెనాన్ ఇంజెక్షన్. తెల్లగుడ్డు మీద టెనాన్ అని సన్నటి తొడుగు ఉంటుంది, దాని కింద వెనక వైపుకి ట్రయామ్సినోలోన్ అనే స్టిరాయిడ్ వదిలితే అది తెల్లగుడ్డు గుండా మెల్లగా లోపలికి ఇంకుతుంది. లోపల ఇన్ఫెక్షన్ భయం బాగా తక్కువ, ఖర్చు తక్కువ, ఏ ఊళ్లోనైనా దొరికే మందు. కానీ దారిలో చాలా పోతుంది, అందుకే విట్రియస్‌లోకి 4 మిల్లీగ్రాములు సరిపోయేచోట ఇక్కడ 40 ఇస్తారు, పది రెట్లు. 2019లో వచ్చిన పాయింట్ ట్రయల్ యువియైటిస్ వల్ల మాక్యులాలో నీరు చేరినవాళ్లలో మూడు పద్ధతుల్నీ నేరుగా పోల్చింది. ఎనిమిది వారాలకి వాపు మందం బయట ఇంజెక్షన్‌తో సుమారు 23 శాతం, లోపల ట్రయామ్సినోలోన్‌తో 39, ఓజుర్డెక్స్‌తో 46 శాతం తగ్గింది. లోపల ఇచ్చినప్పుడు కంటి ప్రెషర్ కొంచెం ఎక్కువమందికి పెరిగింది గానీ వాపు తగ్గడంలో ఉన్న తేడా అంతకన్నా పెద్దది. ఒకప్పుడు "ముందు బయట వేసి చూద్దాం" అనేవాళ్లు, ఈ ఫలితం తర్వాత ఆ మాట వాపు బాగా ఉన్న కంటికి చెప్పడం కష్టం. చిన్న వాపుకి, రెండు కళ్లూ చెడి లోపలికి గుచ్చడానికి జంకే చోట దీనికి ఇంకా పని ఉంది. వేసేటప్పుడు పొరపాటున సూది గుడ్డులోకి దిగే ప్రమాదం అరుదే గానీ ఉంది, తర్వాత కొంతమందికి పైరెప్ప కాస్త వాలుతుంది.

ఈమధ్య ఎక్కువ మాట్లాడుకుంటున్నది సుప్రాకోరాయిడల్. తెల్లగుడ్డుకీ దాని లోపలి రక్తపు పొర కోరాయిడ్‌కీ మధ్య మామూలుగా ఖాళీ ఉండదు, రెండూ అంటుకునే ఉంటాయి, కానీ సరైన లోతులో మందు వదిలితే రెండూ విడిపోయి మందు ఆ సందులో కంటి చుట్టూ వెనక్కి పాకుతుంది. సూది పొడవు ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ, క్లియర్‌సైడ్ కంపెనీ పరికరంలో 900, 1100 మైక్రాన్లు రెండు సూదులు ఇస్తారు, తెల్లగుడ్డు మందం మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి చిన్నదానితో దిగకపోతే పెద్దది. పిస్టన్‌ని నొక్కుతూ ఉంటే తెల్లగుడ్డులో ఉన్నంతసేపూ కదలదు, సందు తగలగానే ఒక్కసారి చేయి తేలికవుతుంది, అక్కడ ఆపి నిదానంగా వదలాలి. 2021 అక్టోబర్‌లో జైపీర్ పేరుతో ట్రయామ్సినోలోన్‌కి ఈ దారిలో అమెరికా అనుమతి ఇచ్చింది, యువియైటిస్ వల్ల మాక్యులాలో నీరు చేరినప్పుడు వాడటానికి. పీచ్‌ట్రీ ట్రయల్‌లో 24 వారాలకి ఇది పొందినవాళ్లలో 47 శాతం మందికి 15 అక్షరాలో అంతకన్నా ఎక్కువో చూపు మెరుగైంది, ఉత్తుత్తి ఇంజెక్షన్ గుంపులో 16 శాతం మందికే. మందు వెనక పొరల దగ్గరే ఉండి కటకానికీ ముందు భాగానికీ తక్కువ చేరుతుంది కాబట్టి శుక్లం, ప్రెషర్ తక్కువ రావాలన్నది ఇందులో ఉన్న ఆశ.

ఐతే ఈ దారి అన్ని మందులకీ పనికొస్తుందనుకుంటే పొరపాటు. కోరాయిడ్‌లో రక్తం ఒంట్లో ఎక్కడా లేనంత ధారగా పారుతుంది. ఏలూరు కాలవలో పంచదార పోస్తే నిమిషంలో కరిగి కొట్టుకుపోతుంది, ఇసుక పోస్తే అడుగున కూర్చుంటుంది. ట్రయామ్సినోలోన్ కరగని రేణువుల మందు కాబట్టి నెలల తరబడి ఉంటుంది, అవాస్టిన్ లాంటి కరిగిన ప్రోటీన్‌ని ఇక్కడ పెడితే జంతువుల్లో చేసిన ప్రయోగాల్లో రోజు తిరిగేలోపే చాలావరకు వెళ్లిపోయింది. విట్రియస్‌లో పది రోజులకి సగమయ్యే మందు రెటీనాకి ఇంకా దగ్గరైన చోట పెడితే ఒక్కరోజు కూడా ఉండదు, దగ్గరవడం ఒక్కటే చాలదు అనేది ఇక్కడ తేటతెల్లంగా కనపడుతుంది. పైగా కోరాయిడ్‌కీ రెటీనాకీ మధ్య రంగుకణాల పొర ఒకటి కాపలా. రెటీనా సిర మూసుకుపోయి వచ్చే వాపుకి ఐలియాకి తోడుగా ఈ దారిలో స్టిరాయిడ్ ఇచ్చిన సఫైర్ ట్రయల్ 2018లో అదనపు లాభం చూపించలేక ఆగిపోయింది. అందుకే ఇది యువియైటిస్ లాంటి వాపు జబ్బులకి గట్టి ఆయుధం, షుగర్ కంటికి ఇంకా రుజువు కావాల్సిన ఆయుధం.

మన దేశంలో చాలాచోట్ల ఆ కంపెనీ పరికరం లేకుండానే, మామూలు సన్నసూదికి ప్లాస్టిక్ తొడుగు కత్తిరించి తొడిగి కొసన ఒక మిల్లీమీటరు బయటికి ఉంచి ఈ ఇంజెక్షన్ చేస్తున్నారు. చేయి తిరిగిన రెటీనా డాక్టరు చేస్తే ఖర్చు ఎన్నో రెట్లు తగ్గుతుంది, మెచ్చుకోవాల్సిన పనే. కానీ లోతు అర మిల్లీమీటరు తప్పినా మందు పడే చోటు మారిపోతుంది, విట్రియస్‌లోకి పోవచ్చు, కోరాయిడ్‌లో రక్తం కారొచ్చు. ఎవరు చేస్తున్నారు, ఎన్ని చేశారు అని అడగడంలో తప్పేం లేదు.

అన్నిటికన్నా లోతైన దారి సబ్‌రెటీనల్, రెటీనా పొర కిందకే మందు ఇవ్వడం. ఇది ఇంజెక్షన్ అనే పేరు ఉన్న పూర్తి ఆపరేషన్. థియేటర్లో విట్రియస్ తీసేసి, వెంట్రుకంత సన్నటి గొట్టంతో రెటీనాని గుచ్చి, కింద మందు వదిలితే అక్కడ పొర బుడగలా లేస్తుంది, అంటే రెటీనాని కావాలని కొద్దిగా ఊడదీయడమే, తర్వాత కొద్దిరోజుల్లో అదే అంటుకుంటుంది. ఇంత సాహసం ఎప్పుడు సబబు? ఒక్కసారి ఇస్తే ఏళ్ల తరబడి పనిచేసే మందు ఐనప్పుడు. 2017 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చిన లక్స్‌టర్నా అలాంటిది, ఆర్‌పీఈ65 జన్యువులో లోపంతో పుట్టి రేచీకటితో మొదలై చూపు పోగొట్టుకునే పిల్లలకి సరైన జన్యువుని ఒక వైరస్ మీద ఎక్కించి ఇస్తారు, కంటికి 0.3 మిల్లీలీటర్లు, రెండో కంటికి కనీసం ఆరు రోజుల గ్యాప్. విడుదలైనప్పుడు రెండు కళ్లకీ కలిపి ధర 8,50,000 డాలర్లు. మేనరికాలు ఇంకా ఉన్న మన జిల్లాల్లో పుట్టుకతో వచ్చే రెటీనా జబ్బులు కనపడుతూనే ఉంటాయి, కాబట్టి ఇది మనకి సంబంధం లేని అమెరికా కథ అనుకోకూడదు, పిల్లలకి ఏ జన్యువులో లోపమో పరీక్ష చేయించి పెట్టుకోవడం ఇప్పటినుంచే పనికొస్తుంది.

జన్యువుల మందుని తేలికైన విట్రియస్ దారిలోనే ఇవ్వొచ్చు కదా అని ప్రయత్నించారు. రెటీనా పైన ఉన్న సన్నటి పొర ఒకటి ఈ వైరస్‌లని చాలావరకు ఆపేస్తుంది, దాటించడానికి డోసు పెంచితే కన్ను తిరగబడుతుంది, 2021లో షుగర్ కంటి మీద జరుగుతున్న ఒక ట్రయల్‌లో ఎక్కువ డోసు తీసుకున్న కొందరికి తీవ్రమైన వాపు, కంటి ప్రెషర్ పడిపోవడం జరిగి ఆ డోసు షుగర్ కంటికి ఇవ్వడం మానేశారు. సుప్రాకోరాయిడల్ దారిలో కూడా జన్యు మందుల ట్రయల్స్ నడుస్తున్నాయి, అది నిలబడితే ఆపరేషన్ లేకుండా ఓపీ గదిలోనే ఒక్క సూదితో ఏళ్ల తరబడి పని జరిగే రోజు రావొచ్చు. నెలనెలా బస్సెక్కలేని మనిషికి అసలైన మార్పు అక్కడే ఉంది.

ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ఒకే ఓసీటీ స్కాన్‌లో ఒకేలాంటి నీరు కనపడ్డ ఇద్దరికి రెండు వేరే దార్లు సరైనవి కావొచ్చు. తెనాలిలో ఉండి కొడుకు బండి మీద నెలకోసారి తీసుకురాగల, కంటి ప్రెషర్ ఎక్కువగా ఉన్న పెద్దాయనకి వీఈజీఎఫ్ మందులు విట్రియస్‌లోకి వరసగా ఇవ్వడమే మేలు. అదే స్కాన్ ఉన్న, శుక్లం ఎప్పుడో తీయించుకున్న, పల్నాడు లోపలి ఊరి నుంచి ఒంటరిగా రావాల్సిన ఆవిడకి మూడు నాలుగు నెలలు నిలిచే కడ్డీ మేలు, మధ్యలో ప్రెషర్ మాత్రం దగ్గరి ఊళ్లో చూపించుకోవాలి. రెండో ఆవిడకి మొదటాయన మందు రాసి "నెలనెలా రండి" అని పంపించేస్తే, చీటీ సరిగ్గానే ఉంటుంది, చూపు ఉండదు. కాబట్టి పేషెంటు తరఫున వెళ్లినవాళ్లు "మేం ఎన్నాళ్లకోసారి రాగలం" అన్నది మొహమాటం లేకుండా ముందే చెప్పాలి, అది చెప్తేనే డాక్టరు దానికి తగ్గ దారి ఎంచగలరు.

ఇంకొకటి, ఇక్కడ వైద్యం మొదలుపెట్టి పిల్లల దగ్గరికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయేవాళ్లు చాలామంది, ఫైలు ఇంట్లోనే ఉండిపోతుంది, అక్కడి డాక్టరు అడిగితే "కంట్లో సూది వేశారు" అంటారు అంతే. ఏ మందు, ఏ తేదీ, ఏ కంటికి, లోపలికా బయటకా సందులోకా అన్న నాలుగూ కాగితం మీద ఉండాలి, ఎందుకంటే టెనాన్ కిందనో కోరాయిడ్ పక్కనో పెట్టిన స్టిరాయిడ్ ఇంకా కరుగుతూ ఉండగా కంటి ప్రెషర్ పెరిగితే ఆ సంగతి తెలియని డాక్టరు దాన్ని మామూలు నీటి కాసులుగా పొరబడే అవకాశం ఉంది, ఏళ్ల తరబడి అక్కర్లేని చుక్కలు వాడాల్సొస్తుంది. డిశ్చార్జి చీటీని ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచుకుంటే చాలు.